మైకులో కోట్లు, అఫిడవిట్‌లో రెండు

2024 సెప్టెంబర్ 15. జంషెడ్‌పూర్, బిష్టుపూర్, గోపాల్ మైదానం. ఆకాశానికి చిల్లు పడింది. రాంచీలో హెలికాప్టర్ లేవనంది. అయినా ప్రధాని మోదీ ఆగలేదు. రోడ్డు మీదే వచ్చేశారు. అంత వానలో అంత దూరం వచ్చిన పెద్దమనిషి ఉత్త చేతులతో వస్తారా? ఒక భయం తెచ్చారు. సంథాల్ పరగణాలకూ కొల్హాన్‌కూ బంగ్లాదేశీ, రోహింగ్యా చొరబాట్లు పెద్ద ముప్పుగా తయారయ్యాయని చెప్పారు. కొల్హాన్ అంటే ఎక్కడో కాదు. ఆ మైదానం ఉన్న నేలే కొల్హాన్. చప్పట్లు మోగాయి.

సరే, ముప్పు నిజమే అనుకుందాం. ఎటు నుంచి వచ్చింది? జార్ఖండ్‌కు ఏ పరాయి దేశంతోనూ సరిహద్దు లేదు. బంగ్లాదేశ్ నుంచి ఎవరైనా ఇక్కడికి చేరాలంటే ముందు అంతర్జాతీయ సరిహద్దు దాటాలి. అక్కడ కాపలా ఎవరిది? బీఎస్ఎఫ్‌ది. బీఎస్ఎఫ్ ఎవరి చేతి కింద ఉంది? కేంద్ర హోం శాఖ. ఆ శాఖను అప్పటికి పదేళ్లుగా నడుపుతున్నదెవరు? కాపలాకు కుదిరినవాడే వీధిలోకి వచ్చి, 'అయ్యా, మీ ఇంట్లో దొంగలు పడ్డారు, జాగ్రత్త' అని దండోరా వేసి, జీతం పెంచమని అడిగితే ఏమంటారు? మనమైతే చప్పట్లు కొట్టాం.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. 2019 డిసెంబర్ 2. చక్రధర్‌పూర్, బహరాగోడా సభలు. బహరాగోడా జంషెడ్‌పూర్ ఉన్న జిల్లాలోనిదే. హోంమంత్రి అమిత్ షా గడువు పెట్టి మరీ మాట ఇచ్చారు. 2024 లోపు దేశమంతా ఎన్ఆర్‌సీ, అంటే పౌరుల పట్టిక. ప్రతి చొరబాటుదారునూ ఏరి బయటకు పంపడం ఖాయం. ఎంత ముచ్చటైన హామీ! తేదీతో సహా! 2024 వచ్చింది. ఎన్ఆర్‌సీ రాలేదు. ఏరివేతా లేదు. వచ్చింది ప్రధాని. తెచ్చింది అదే చొరబాటుదారుడి కథ. ఈసారి వాడు ఇంకా పెద్దవాడయ్యాడు, ఇంకా భయంకరంగా తయారయ్యాడు. ఐదేళ్ల పాటు ఆ శాఖ ఏం చేసినట్టు? అడిగామా? గడువు దాటిన కరెంటు బిల్లుకు మనకు జరిమానా వేస్తారే, గడువు దాటిన హామీకి ఎవరికి వేశారు?

మైదానంలో మైకు సంగతి ఇది. ఇప్పుడు కోర్టుకు రండి. అక్కడ మైకు ఉండదు. ప్రమాణపత్రం ఉంటుంది. అబద్ధం రాస్తే నేరం. అందుకే అక్కడ స్వరం మారిపోతుంది. పులిలా గర్జించిన గొంతే పిల్లిలా మ్యావ్ అంటుంది.

సంథాల్ పరగణాల్లో చొరబాట్ల మీద జార్ఖండ్ హైకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. వేసింది జంషెడ్‌పూర్ వాసే. గొడ్డా, జామ్‌తారా, పాకుర్, దుమ్కా, సాహిబ్‌గంజ్, దేవ్‌ఘర్. ఆరు జిల్లాల డిప్యూటీ కమిషనర్లను కోర్టు అఫిడవిట్లు వేయమంది. వేశారు. ఐదు జిల్లాలు మా దగ్గర చొరబాటే లేదన్నాయి. సాహిబ్‌గంజ్ ఒక్కటే ఒప్పుకుంది. ఎన్ని ఉదంతాలు? రెండు. తప్పు చదవలేదు మీరు. రెండంటే రెండు.

రాష్ట్ర ప్రభుత్వం దాస్తోందంటారా? అనండి. కోర్టుకూ ఆ అఫిడవిట్లు రుచించలేదు. నిజం తేల్చడానికి కమిటీ వేయమంది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అయితే కేంద్రం ఏం చెప్పింది? ప్రధాని జంషెడ్‌పూర్‌లో మాట్లాడిన సెప్టెంబర్‌లోనే కేంద్రం కూడా అదే హైకోర్టులో అఫిడవిట్ వేసింది. సంథాల్ పరగణాల్లో ఆదివాసీల వాటా 1951లో 44.67 శాతం ఉండేదని, 2011 నాటికి 28.11 శాతానికి తగ్గిందని అందులో ఉంది. తగ్గడానికి వలసపోవడం, మతమార్పిడి లాంటి కారణాలూ రాశారు. మరి చొరబాటుదారులు ఆదివాసీల భూములు కాజేస్తున్నారన్న మాట? భూముల కేసుల్లో బంగ్లాదేశీయులతో సంబంధం ఇంతవరకూ రుజువు కాలేదని సాక్షాత్తూ కేంద్రమే రాసిచ్చింది. మైదానంలో 'మాటీ', అంటే మట్టి, దోచుకుపోతున్నారు. కోర్టులో రుజువు లేదు. ఒకే నెల. ఒకే ప్రభుత్వం. రెండు నోళ్లు.

'రోటీ, బేటీ, మాటీ'. తిండి, ఆడబిడ్డ, మట్టి. 2024 ఎన్నికల్లో జార్ఖండ్ గోడల నిండా బీజేపీ నినాదం ఇదే. మట్టి మీద ఇంత మమకారం ఉన్న పార్టీ 2016లో ఏం చేసింది? ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం 1908 నాటిది. సంథాల్ పరగణా కౌలు చట్టం 1949 నాటిది. ఆదివాసీ భూమికి ఉన్న రెండు తాళాలు అవే. జంషెడ్‌పూర్ తూర్పు నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన రఘువర్ దాస్ ఆ రెండు తాళాలకూ మారుతాళం చెవి చేయించబోయారు. సవరణ బిల్లులు అసెంబ్లీలో గట్టెక్కాయి. జనం రోడ్లెక్కారు. అప్పటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము బిల్లులను 2017లో తిప్పి పంపారు. చాండిల్ డ్యామ్ కింద మునిగిన ఊళ్లను ముంచింది బంగ్లాదేశీయులా? గనుల కింద, కర్మాగారాల కింద పోయిన చేలు ఢాకా పోయాయా? ఆదివాసీ భయం అబద్ధం కాదు. భూమి పోయిన మాట ముమ్మాటికీ నిజం. తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. అదే తేడా.

చివరికి ఓటరు ఏం చేశాడు? ముప్పు ముంచుకొచ్చిందన్న సంథాల్ పరగణాల్లో 18 సీట్లుంటే బీజేపీకి దక్కింది ఒకటి. ముప్పు మధ్యన బతుకుతున్నవాళ్లకే ముప్పు కనిపించలేదన్నమాట. హెలికాప్టర్ నుంచి మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

అసలు దేశంలో చొరబాటుదారులు ఎంతమంది? ఈ ప్రశ్న అడిగితే చాలు, మన సర్కార్ల లెక్కల మాస్టార్లు ఒక్కసారిగా లేస్తారు. 2004 జులైలో కాంగ్రెస్ హయాంలో హోం శాఖ సహాయమంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ రాజ్యసభకు చెప్పిన అంకె 1,20,53,950. చివరి యాభై మందిని కూడా వదల్లేదు చూశారా! ఆధార్ లేని రోజుల్లో అంత నిక్కచ్చిగా ఎలా లెక్కపెట్టారో! అసోంలో, బెంగాల్‌లో గోల మొదలైంది. కొద్ది రోజులకే తూచ్ అన్నారు. ఆ అంకె నమ్మదగ్గది కాదట. 2016లో కిరణ్ రిజిజు అదే రాజ్యసభలో సుమారు 2 కోట్లన్నారు. ఈయన చిల్లర వదిలేశారు. టోకు వ్యాపారం. ఇక 2023 డిసెంబర్. సుప్రీంకోర్టు సూటిగా అడిగింది. కేంద్రం ఏమంది? వాళ్లు దొంగచాటుగా వస్తారు కాబట్టి కచ్చితమైన లెక్క తీయడం సాధ్యం కాదంది. 2017 నుంచి 2022 వరకు వెనక్కి పంపిన విదేశీయులు 14,346 మంది అని మాత్రం చెప్పింది. రెండు కోట్లకు అది వెయ్యికి ఒకరు కూడా కాదు. ఇంకో మాట. ఆ 14,346లో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ చిన్న పక్కదారి. క్షమించాలి, చెప్పకుండా ఉండలేను. అదే సంథాల్ పరగణాల్లో గొడ్డా ఉంది. అక్కడ అదానీ వారి 1,600 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉంది. భూమి గొడ్డా రైతులది. నీళ్లు గంగవి. బొగ్గు విదేశాలది. మరి కరెంటు? బంగ్లాదేశ్‌ది. ఆ దేశానికి అమ్మడానికే కట్టిన కేంద్రం అది. ఆ తీగల మీద కరెంటు రోజూ సరిహద్దు దాటుతుంది. వీసా అడిగేవాడు లేడు. 2024 ఆగస్టు 5న ఢాకా నుంచి షేక్ హసీనా విమానంలో వచ్చి హిండన్ వైమానిక స్థావరంలో దిగారు. ఆశ్రయమిచ్చాం. ప్రాణభయంతో వచ్చిన మనిషికి తలుపు తీయడం తప్పు కాదు, మర్యాద. ఆ మర్యాద విమానంలో వచ్చినవాళ్లకేనా అన్నదే అడుగుతున్నది. మెగావాట్లకు స్వాగతం. మాజీ ప్రధానికి ఆశ్రయం. ఇటుకలు మోసేవాడికి లాఠీ.

లాఠీ దగ్గరికి వచ్చాం కాబట్టి అసలు విషయం చెప్పుకుందాం. అక్రమంగా వచ్చినవాళ్లను వెనక్కి పంపే హక్కు ఏ దేశానికైనా ఉంది. ఎవరూ కాదనరు. ప్రశ్న ఒక్కటే. పట్టుకున్నది ఎవర్నో చూసుకుని పంపారా? పొరపాటున సొంత పౌరుణ్నే గెంటేస్తే పూచీ ఎవరిది?

2025 మే 2న హోం శాఖ రాష్ట్రాలకు ఒక సూచనపత్రం పంపింది. అనుమానితుణ్ని పట్టుకుంటే అతని సొంత రాష్ట్రం ద్వారా 30 రోజుల్లో విచారించి తేల్చాలి. ఆ తర్వాతే పంపాలి. కాగితం మీద బాగానే ఉంది. జూన్‌లో ఢిల్లీ పోలీసులు రోహిణి ప్రాంతంలో కొన్ని కుటుంబాలను పట్టుకున్నారు. అందులో బెంగాల్ బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణి ఉంది. చెత్త ఏరుకుని బతికే కుటుంబం. భర్త, ఎనిమిదేళ్ల కొడుకు. ముప్పై రోజుల విచారణ ఏమైంది? రోజుల్లోనే తేల్చేశారు. నెల తిరక్కముందే సరిహద్దు అవతలికి నెట్టేశారు. అవతలివాళ్లు ఊరుకుంటారా? అక్రమంగా మా దేశంలోకి వచ్చావని జైల్లో వేశారు. ఆహా! ఇక్కడ బంగ్లాదేశీ. అక్కడ భారతీయురాలు. రెండు దేశాల్లోనూ నేరస్తురాలు. కడుపులో బిడ్డ ఏ దేశం వాడో ఏ ట్రిబ్యునల్ తేల్చాలి?

సెప్టెంబర్ 26న కలకత్తా హైకోర్టు ఇంత తొందరేమిటని మండిపడింది. నాలుగు వారాల్లో వెనక్కి తీసుకురమ్మంది. కేంద్రం తెచ్చిందా? సుప్రీంకోర్టుకు అప్పీలుకు వెళ్లింది. తప్పు దిద్దుకోవడానికి కాళ్లు రావు, తప్పును సమర్థించుకోవడానికి మాత్రం సుప్రీంకోర్టు దాకా పరుగెడతాయి. చివరికి డిసెంబర్‌లో మానవతా దృష్టితో అంటూ ఒప్పుకున్నారు. నెట్టేటప్పుడు లేని మానవత్వం నెలలు నిండాక పుట్టుకొచ్చింది. డిసెంబర్ 5న మాల్దా దగ్గర మహదీపూర్ దారిలో ఆమె, కొడుకు తిరిగి అడుగుపెట్టారు. భర్త ఆ రోజు రాలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆమెను పట్టుకున్న స్టేషన్ అధికారి ఎవరు? విదేశీయురాలని రాసిన చెయ్యి ఎవరిది? ఆ రాత మీద ముద్ర కొట్టిందెవరు? ముప్పై రోజుల నిబంధనను చాపకిందకు తోసిందెవరు? వాళ్ల జీతంలో ఒక్క రూపాయి తెగిందా? మీరు ఒక్క పేరైనా పేపర్లో చదివారా? ఆమె పేరు మాత్రం దేశమంతా తెలుసు. ఫొటో తెలుసు. ఎన్నో నెలో తెలుసు. పౌరులేమో అద్దాల మేడలో, అధికారులేమో ముసుగులో!

దీనికీ చట్టంలో ఏర్పాటు ఉంది. ఆమెను నెట్టేసినప్పుడు అమల్లో ఉన్న 1946 విదేశీయుల చట్టం తీయండి. 9వ సెక్షన్ ప్రకారం నువ్వు విదేశీయుడివి కాదని నిరూపించుకునే భారం నీదే. 15వ సెక్షన్ ప్రకారం సదుద్దేశంతో చేసిన పనికి అధికారి మీద దావా గీవా కుదరదు. తెల్లదొర చేసిన చట్టం. వాడు పోయినా పద్ధతి పోలేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. నాలుగు పాత చట్టాలను కలిపి కుట్టారు. వలస పాలన వాసన వదిలించామన్నారు. నిరూపణ భారం? అది మాత్రం నీ నెత్తి మీదే. రూపాయి దొంగిలించావని కేసు పెడితే పోలీసు రుజువు చేయాలి. దేశమే నీది కాదంటే నువ్వు రుజువు చేసుకోవాలి. ఎంత చక్కని ఏర్పాటు!

దాని ఫలితం చూడాలంటే అసోం వెళ్లాలి. అక్కడ ఒకాయన్ను 2012లో విదేశీయుల ట్రిబ్యునల్ విదేశీయుడంది. కాగితాల్లో పేర్ల అక్షరాలు, తేదీలు అటూఇటూ అయ్యాయట. ఆయన కోర్టుల చుట్టూ తిరిగాడు. 2024 జులైలో సుప్రీంకోర్టు ఆయన భారతీయుడేనని తేల్చింది. ఏ ఆధారమూ లేకుండా ఎవరి తలుపో కొట్టి నీ మీద అనుమానం అనడానికి వీల్లేదని గడ్డి పెట్టింది. తీర్పు బాగుంది. వినడానికి ఆయన లేడు. అప్పటికే చనిపోయి రెండేళ్లు దాటింది. 2019లో ముప్పై ఏళ్లు సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక అధికారినే విదేశీయుడని నిర్బంధ కేంద్రంలో పెట్టారు. దేశం కోసం తుపాకీ పట్టడం సాక్ష్యం కాదు. తాత పేరు ఓటరు జాబితాలో ఉండాలి, అదీ అక్షరదోషం లేకుండా!

'మనకెందుకీ గోల? బెంగాలీ మాట్లాడేవాళ్ల గొడవ కదా' అంటున్నారా, జంషెడ్‌పూర్ కదమా తెలుగువారూ, సోనారీ తెలుగువారూ, గోల్మురీ, టెల్కో తెలుగువారూ? ఒక్క నిమిషం. జంషెడ్‌పూర్ అనే ఊరు ఎవరిది? 1907లో టాటా స్టీల్ కంపెనీ పుట్టింది. సాక్చి అనే ఆదివాసీ పల్లె దగ్గర కొలిమి రాజేశారు. గుజరాతీ పారశీలు పెట్టుబడి పెట్టారు. అమెరికా ఇంజినీర్లు యంత్రాలు బిగించారు. బీహారీలు, బెంగాలీలు, ఒడియాలు, పంజాబీలు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు వచ్చారు. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఈ ఊరిని జంషెడ్‌పూర్ అనేవాళ్లు తక్కువ. 'మావోడు టాటాలో ఉన్నాడు' అంటే చాలు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాం. ఉగాది పచ్చడి కలుపుకున్నాం. ఇంత చేసినా మనం ఇక్కడ ఎవరం? 'బాహరీ', బయటివాళ్లం.

నమ్మరా? 2022 నవంబర్ 11న హేమంత్ సోరెన్ ప్రభుత్వం అసెంబ్లీలో బిల్లు పాస్ చేసింది. 1932 నాటి ఖతియాన్, అంటే భూమి రికార్డు, ఎవరి పూర్వీకుల పేరు మీద ఉందో వాళ్లే స్థానికులు. గవర్నర్ తిప్పి పంపారు. మరుసటి ఏడాది మళ్లీ పాస్ చేశారు. చొరబాటుదారుడి కథ విభజన రాజకీయమని ఢిల్లీని తిట్టే ప్రభుత్వమే ఇది! ఢిల్లీవాడు అసోం లెక్కకు 1971 అంటాడు, రాంచీవాడు 1932 అంటాడు. నవ్వొచ్చే సంగతేమిటంటే, కొల్హాన్‌లో ఆఖరి భూసర్వే జరిగింది 1964లోనని, ఈ లెక్కన మా ఆదివాసీలే బయటివాళ్లవుతారని కొల్హాన్ నాయకుడు, మాజీ ముఖ్యమంత్రి మధు కోడానే మొత్తుకున్నారు. కాగితాన్ని నమ్ముకున్న జాతికి ఇలాంటి ముచ్చట్లు తప్పవు.

కాగితాలంటే గుర్తొచ్చింది. జంషెడ్‌పూర్‌లో 86 బస్తీలున్నాయి. టాటా లీజు భూమిలో వెలిసిన పేటలు. వాటికి 'మాలికానా హక్', అంటే యాజమాన్య హక్కు, ఇస్తామని ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ ఒట్టేస్తుంది. 2005లో లీజు పొడిగించినప్పుడు బస్తీల భూమిని లీజు నుంచి తప్పించారు. హక్కు వచ్చిందా? హామీ వచ్చింది. మళ్లీ హామీ వచ్చింది. తరాలు మారాయి, ఇళ్లు పక్కావయ్యాయి, కాగితం మాత్రం రాలేదు. ఇంటికి కాగితం ఇవ్వలేని సర్కారు మనిషిని కాగితం అడుగుతుంది. నువ్వివ్వందే వాడెక్కడి నుంచి తెస్తాడయ్యా?

ఇస్తారు, ఇవ్వరని కాదు. రేటు కడితే ఇస్తారు. ఇదే జిల్లా చాకులియా బ్లాక్‌లో మటియాబాంధీ అనే పంచాయతీ ఉంది. 2025లో అక్కడి నుంచి నకిలీ జనన ధ్రువపత్రాలు వేలల్లో పుట్టుకొచ్చాయని బయటపడింది. ఆ ఊళ్లో పుట్టనివాళ్లంతా ఆ ఊళ్లో పుట్టేశారు. పంచాయతీ కార్యదర్శిని అరెస్టు చేశారు. మంచిదే. అంతటితో కథ కంచికేనా? అన్ని వేల సర్టిఫికెట్లు సర్కారు పోర్టల్‌లో ఎక్కుతుంటే బ్లాక్‌లో, జిల్లాలో పైనున్న కళ్లన్నీ మూసుకునే ఉన్నాయా? చిన్న పల్లెలో ఏడాదిలో పుట్టుకలు వేలకు చేరితే ఏ అధికారికీ ముచ్చెమటలు పట్టలేదా? మన దేశంలో జవాబుదారీతనం ఎప్పుడూ కిందికే జారుతుంది. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఆగిపోతుంది. పై మెట్టు ఎక్కడానికి దానికి మోకాళ్ల నొప్పులు.

ఇప్పుడు సముద్రం దాటుదాం. అక్కడ మన గొంతు ఎలా ఉంటుందో వినాలి. 2019 జనవరి. అమెరికా మిషిగన్‌లో 'ఫార్మింగ్టన్ యూనివర్సిటీ'. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. నడిపింది అక్కడి ఇమిగ్రేషన్ పోలీసులే. దొంగ వలసదారులను పట్టడానికి సర్కారే దొంగ యూనివర్సిటీ తెరిచింది. మొదటి దెబ్బకు 130 మంది విద్యార్థులను పట్టుకుంటే 129 మంది భారతీయులు. ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. అప్పుడు భారత ప్రభుత్వం అమెరికాకు ఏం చెప్పింది? మోసపోయిన విద్యార్థులనూ మోసం చేసిన దళారులనూ ఒకే గాటన కట్టొద్దంది. పిల్లల గౌరవం కాపాడాలంది. ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది. వాషింగ్టన్‌లో రాత్రింబవళ్లూ పలికే హెల్ప్‌లైన్ పెట్టింది. భేష్. నూటికి నూరుపాళ్లు సరైన మాట. అంతకుముందు 2011లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టినప్పుడూ ఇలాగే నొచ్చుకున్నాం.

మరి ఆ నీతి చాకులియాకు వర్తించదా? రోహిణి మురికివాడకు వర్తించదా? సర్టిఫికెట్ అమ్మినవాడూ కొనుక్కున్న కూలీవాడూ ఒకటేనా? 2025 ఏప్రిల్ 26న అహ్మదాబాద్, సూరత్‌లలో ఒక్క రాత్రిలో వెయ్యి మందికి పైగా పట్టుకుని రోడ్ల మీద ఊరేగించారే, వాళ్లలో ఎవరు ఎవరో తేలకముందే! ఆ జులైలో ఒడిశా ఝార్సుగుడాలో 444 మంది బెంగాలీ కూలీలను పట్టుకుని, తర్వాత చాలామందిని వదిలేశారే! ఆ వదిలేసినవాళ్లకు పోయిన కూలీ ఎవరిచ్చారు? నిరసన పత్రం ఎవరికి ఇవ్వాలి? హెల్ప్‌లైన్ ఏది?

2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో అమెరికా సైనిక విమానం దిగింది. 104 మంది మనవాళ్లు. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు. దేశం కుతకుత ఉడికింది. విదేశాంగ మంత్రి జైశంకర్ మర్నాడు రాజ్యసభలో నిలబడి ఇది కొత్తేం కాదన్నారు. 2012 నుంచి అమెరికావాళ్ల పద్ధతే ఇదన్నారు. మనకు ఒళ్లు మండింది. మండాలి. కానీ అదే ఒళ్లు మూడు నెలలు తిరగకముందే అహ్మదాబాద్ వీడియో చూసి చంకలు గుద్దుకుందా లేదా? నిజం చెప్పండి. మీ ఇంటి వాట్సాప్ గ్రూపులోనే చూసుకోండి. ఫిబ్రవరిలో 'మానవత్వం ఎక్కడ' అని కన్నీటి బొమ్మ పెట్టిన మామయ్యగారే ఏప్రిల్‌లో చప్పట్ల బొమ్మ పెట్టారు. ఆ మామయ్యగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. గ్రీన్‌కార్డు వరసలో.

గల్ఫ్‌లో మన జగిత్యాల, సిరిసిల్ల కుర్రాళ్లు 'ఖల్లివల్లి' అయ్యారంటే ఏమిటో తెలుసు కదా? యజమాని పాస్‌పోర్టు గుంజుకుని జీతం ఎగ్గొడితే, పారిపోయి, కాగితాల్లేకుండా దాక్కుని పనిచేసే బతుకు. ఔట్‌పాస్ కోసం, ఆమ్నెస్టీ కోసం కళ్లు కాయలు కాసేలా చూసే బతుకు. ఆ కుర్రాణ్ని మనం 'పాపం' అంటాం. అదే బతుకు మన ఊరి మాంగోలోనో జుగ్‌సలాయ్‌లోనో కనిపిస్తే 'ఘుస్‌పైఠియా', చొరబాటుదారుడు అంటాం. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అందులో సుమారు 1,200 మంది జార్ఖండ్ కూలీలు. మన హైదరాబాద్ మేడలు కట్టినవాళ్లు. అక్కడ వాళ్లు 'బాహరీ', ఇక్కడ మనం 'బాహరీ'. ఎవడు ఎక్కడ సొంతవాడో ముందు ఒక జీవో ఇవ్వండి మహాప్రభో!

ఒక విషయంలో మాత్రం అమెరికాను చూసి కుళ్లుకోవాలి. ఆ దొంగ యూనివర్సిటీలో ఫీజు కట్టి మోసపోయిన ఒక విద్యార్థి అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. చదువు చెప్పకుండా నా డబ్బు మింగావన్నాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ దావా నడవొచ్చంది. ఊహించండి. పరాయి దేశం కుర్రాడు సర్కారును ఫీజు వాపసు అడిగాడు. కోర్టు, ఏం, అడగకూడదా అంది. మన దగ్గర సొంత పౌరురాలిని సరిహద్దు అవతల పారేస్తే, కనీసం ఆమె బస్సు చార్జీలైనా ఎవరిస్తారు?

అయినా పద్ధతులు మార్చమని మేం అడగడం లేదు. సర్కారు పద్ధతే మాకూ నచ్చింది. దాన్నే కాస్త విస్తరిద్దాం. ఓటర్ల జాబితాకు 2025లో ప్రత్యేక సమగ్ర సవరణ మొదలుపెట్టారు కదా, హామీల జాబితాకూ ఒకటి చేద్దాం. మైకులో అంకె పలికిన ప్రతి నాయకుడికీ నోటీసు ఇద్దాం. ఆ రెండు కోట్లు ఎక్కడున్నారో 30 రోజుల్లో చిరునామాలతో చూపాలి. నిరూపణ భారం ఆయనదే. ఆధార్ చెల్లదు. పార్టీ సభ్యత్వ కార్డు అసలే చెల్లదు. 'మా కార్యకర్తలు చెప్పారు' అంటే అది వదంతి కిందికొస్తుంది. అంకెలో ఒక్క సున్నా అటూఇటూ అయినా అనుమానితుల ఖాతాలో వేస్తాం. ముప్పై రోజుల విచారణ చేయకుండా మనిషిని నెట్టేసిన అధికారి తన పేరు, హోదా, సంతకం ఇంటి తలుపు మీద అంటించుకోవాలి. పక్క జిల్లా ఎస్పీ వచ్చి ఆయన సదుద్దేశాన్ని సోదా చేస్తారు. సదుద్దేశం దొరక్కపోతే నిర్బంధ కేంద్రంలో ఉంచుతాం. అక్కడ ఫ్యాను ఉంటుంది, గొడ్డా కరెంటు మాత్రం రాదు.

అన్యాయం అంటారా సార్? అప్పీలు చేసుకోండి. ట్రిబ్యునల్ ఉంది, దాని మీద హైకోర్టు ఉంది, దాని మీద సుప్రీంకోర్టు ఉంది. పన్నెండేళ్లలో తేలిపోతుంది. మీ ఆరోగ్యం జాగ్రత్త.